కెర్నెల్ నిర్మాణ కాలాన్ని తగ్గించే పద్ధతులు: చిన్న ప్రయోగశాల దృష్టితో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ను మూల ప్రోగ్రాము నుంచి నిర్మించడానికి పట్టే కాలం యంత్రం వేగం మీదనే ఆధారపడుతుందన్న అభిప్రాయం విద్యార్థుల్లోనూ అధ్యాపకుల్లోనూ బలంగా ఉంది. ఆ కాలంలో పెద్ద భాగం అవసరం లేని పనిని చేయించడం వల్ల, ఒకసారి చేసిన పనినే మళ్ళీ చేయించడం వల్ల ఖర్చవుతున్నదని ఈ వ్యాసం లినక్స్ కెర్నెల్ ఆధారంగా వివరిస్తుంది. కాన్ఫిగరేషన్ ఎంపిక, సమాంతర నిర్మాణం, హెడర్ ఫైళ్ళ పరస్పరాధారం, కంపైలర్ ఫలితాలను భద్రపరచడం అనే అంశాలను పరిశీలించి, దోషాన్వేషణ కోసం చేసే ద్విభజన శోధనలో వీటిలో ఏది ఎంతవరకు ఉపకరిస్తుందో చర్చిస్తుంది.

కీలక పదాలు: లినక్స్ కెర్నెల్, నిర్మాణ కాలం, కాన్ఫిగరేషన్, హెడర్ ఫైళ్ళు, సమాంతరీకరణ, ద్విభజన శోధన.

1. ప్రవేశిక

1991లో లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగా విడుదల చేసిన తొలి లినక్స్ కెర్నెల్ సుమారు 10 వేల పంక్తుల ప్రోగ్రాము. 2025 నాటికి అది దాదాపు 4 కోట్ల పంక్తులకు పెరిగింది. ఈ పరిమాణంలో సగానికి పైగా పరికరాలను నడిపించే డ్రైవర్లదే. యంత్రాలు వేగవంతమవుతున్న కొద్దీ కెర్నెల్ కూడా విస్తరిస్తూ వచ్చినందువల్ల, నిర్మాణ కాలం అనే సమస్య మూడు దశాబ్దాలుగా తీరలేదు.

2020 మే నెలలో టోర్వాల్డ్స్ తన పని యంత్రాన్ని మార్చి 32 కోర్‌ల ఎ.ఎం.డి. థ్రెడ్‌రిప్పర్ ప్రాసెసరుకు మారారు. తన పరీక్షా నిర్మాణాలు మూడు రెట్లు వేగంగా పూర్తవుతున్నాయని అప్పుడు ప్రకటించారు. ప్రతి విడుదల సందర్భంలో రోజుకు అనేక పర్యాయాలు కెర్నెల్‌ను నిర్మించవలసిన వ్యక్తికి ఆ ఖర్చు సమంజసమే. అయితే అదే కెర్నెల్‌ను అధ్యయనం చేయదలచిన విద్యార్థి పరిస్థితి వేరు. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు నిజామాబాదు జిల్లాలో ఉండి ప్రస్తుతం కామారెడ్డి జిల్లాలో భాగమైన బాన్సువాడ వంటి పట్టణంలో, డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయ పరిధిలోని డిగ్రీ కళాశాల ప్రయోగశాలను ఊహించుకుంటే, అక్కడ నాలుగు కోర్‌లు, 8 గిగాబైట్ల మెమరీ ఉన్న యంత్రం దొరికితే మంచి యంత్రమనే చెప్పాలి. ప్రయోగ తరగతి రెండు మూడు గంటలకు మించదు. నిర్మాణం ఆ వ్యవధిలో పూర్తి కాకపోతే విద్యార్థి తాను మార్చిన పంక్తి ఫలితాన్ని ఆ రోజు చూడలేడు. ఆపరేటింగ్ సిస్టమ్స్ బోధన పుస్తకంలోని రేఖాచిత్రాల దగ్గరే ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

పరిశోధకుడికి నష్టం మరో రూపంలో ఎదురవుతుంది. ఒక కెర్నెల్ విడుదలలో సరిగా పనిచేసిన అంశం తరువాతి విడుదలలో చెడిపోయిందనుకుందాం. రెండింటి మధ్య 13 వేల నుంచి 15 వేల మార్పులు ఉండడం సాధారణం. వాటిలో దోషానికి మూలమైనదాన్ని ద్విభజన శోధన ద్వారా కనిపెట్టాలంటే, ప్రతి దశలోనూ మిగిలిన మార్పులను సగానికి తగ్గించుకుంటూ పోవాలి. 2 పద్నాలుగవ ఘాతం 16,384 కాబట్టి, 14 దశల్లో దోషి దొరుకుతుంది. ప్రతి దశకు ఒక నిర్మాణం అవసరం. నిర్మాణానికి 2 గంటలు పడితే 28 గంటలు, 12 నిమిషాలు పడితే 3 గంటల లోపు. మొదటి సందర్భంలో చాలామంది ఆ శోధనకే పూనుకోరు. దోషం ఉన్నదన్న ఫిర్యాదుతో ఆగిపోతారు. చిన్న ఊరి ప్రయోగశాల నుంచి కెర్నెల్‌కు ప్రయోజనకరమైన నివేదిక వెళ్ళడం, వెళ్ళకపోవడం తరచుగా ఈ తేడా మీదనే ఆధారపడి ఉంటుంది.

2. నిర్మాణంలో కాలం ఎక్కడ ఖర్చవుతుంది?

కెర్నెల్ నిర్మాణాన్ని నడిపేది ‘మేక్’ అనే సాధనం. 1976లో బెల్ ప్రయోగశాలల్లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ దీనిని రూపొందించారు. ఫలిత ఫైలు కంటే మూల ఫైలు కొత్తదైతే ఆ ఫలితాన్ని తిరిగి తయారుచేయాలన్నది దీని మౌలిక సూత్రం. దీనిమీద కెర్నెల్ తనదైన ‘కెబిల్డ్’ అనే వ్యవస్థను నిర్మించుకుంది.

నిర్మాణంలో మొదటి ఘట్టం వేలాది సి ఫైళ్ళను విడివిడిగా కంపైల్ చేయడం. ఒక్కో ఫైలును ముందుగా ప్రిప్రాసెసర్ విస్తరింపజేస్తుంది. అంటే అందులో పేర్కొన్న హెడర్ ఫైళ్ళను, ఆ హెడర్లు పేర్కొన్న ఇతర హెడర్లను ఒకచోట చేర్చుతుంది. ఆపైన కంపైలర్ దానిని యంత్రభాషలోకి మారుస్తుంది. రెండవ ఘట్టంలో ఈ ముక్కలన్నింటినీ లింకర్ ఒకే కెర్నెల్‌గా కూర్చుతుంది. కెర్నెల్‌లోని ఫంక్షన్ల పేర్లు, చిరునామాల పట్టికను కెర్నెల్‌లోనే ఉంచాలి. పట్టిక చేరితే చిరునామాలు మారతాయి. అందువల్ల ఒక్కసారి లింక్ చేస్తే సరిపోదు, పట్టిక స్థిరపడేదాకా మళ్ళీ చేయవలసివస్తుంది. డీబగ్ సమాచారం నుంచి రకాల వివరాలను సేకరించడం, మాడ్యూళ్ళ గుర్తులను సరిచూడడం, చివరి ఫలితాన్ని కుదించడం కూడా ఈ ఘట్టంలోనివే.

మొదటి ఘట్టంలోని పనిని అనేక కోర్‌లకు పంచవచ్చు. రెండవ ఘట్టంలో అధిక భాగం వరుస క్రమంలోనే జరగాలి. ఈ భేదాన్ని గుర్తించకుండా చేసే ప్రయత్నాలు తరచుగా నిరాశకే దారితీస్తాయి.

కొలవడంలోనూ జాగ్రత్త అవసరం. ‘టైమ్’ ఆదేశం మూడు సంఖ్యలను ఇస్తుంది: గడియారం ప్రకారం గడిచిన కాలం, ప్రోగ్రాములు ప్రాసెసరును వాడుకున్న కాలం, వాటి కోసం కెర్నెల్ వాడుకున్న కాలం. మొదటిది వేచి ఉండే మనిషికి సంబంధించినది. రెండవది మొత్తం పని పరిమాణాన్ని సూచిస్తుంది. నాలుగు కోర్‌ల యంత్రంలో రెండవ సంఖ్య మొదటిదానికి నాలుగు రెట్లకు దగ్గరగా ఉంటే కోర్‌లు ఖాళీగా లేవని అర్థం. రెట్టింపు కూడా లేకపోతే అవి డిస్కు కోసమో, మెమరీ కోసమో, లింకర్ ముగింపు కోసమో ఎదురుచూస్తున్నాయన్నమాట. మొదటిసారి నిర్మించినప్పుడు ఫైళ్ళను డిస్కు నుంచి చదవాలి. రెండవసారికి అవి మెమరీలో ఉంటాయి. ఈ రెండు కొలతలను పక్కపక్కన పెట్టి ఏదో మార్పు ఫలించిందని చెప్పుకోవడం సరికాదు. నిజామాబాదు ప్రాంతంలో మే నెల ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఏసీ లేని గదిలో ఉదయం తీసుకున్న కొలతను మధ్యాహ్నపు కొలతతో పోల్చితే తేలేది వాతావరణం ప్రభావమే.

3. అవసరం లేని పనిని తొలగించడం

అన్ని పద్ధతుల్లోకీ అత్యధిక ఫలితమిచ్చేది, అతి తక్కువ ఖర్చుతో కూడినది కాన్ఫిగరేషన్‌ను తగ్గించడం. దీని తరువాతనే మిగిలినవాటిని గురించి ఆలోచించాలి.

ఉబుంటు, ఫెడోరా వంటి పంపిణీల కెర్నెల్ లోకంలోని ఏ యంత్రంలోనైనా పనిచేయాలి. అందువల్ల అది వేలాది మాడ్యూళ్ళతో తయారవుతుంది. సర్వర్లకు మాత్రమే ఉండే నెట్‌వర్క్ కార్డులు, టీవీ సంకేత గ్రాహకాలు, ఎప్పుడో వాడుకలోంచి పోయిన పరికరాలు, అన్నింటి డ్రైవర్లూ అందులో ఉంటాయి. ఒక ప్రయోగశాల యంత్రంలో నడుస్తున్న మాడ్యూళ్ళను లెక్కిస్తే అవి సాధారణంగా ఒకటి రెండు వందలు. విద్యార్థి పంపిణీ కాన్ఫిగరేషన్‌ను యథాతథంగా నకలు చేసుకుని నిర్మాణం మొదలుపెడితే, తన యంత్రంలో లేని పరికరాల కోసం గంటల తరబడి ప్రాసెసరును నడిపిస్తున్నాడన్నమాట.

ఈ వృథాను నివారించడానికి స్టీవెన్ రోస్టెడ్ ఒక సాధనాన్ని తయారుచేశారు. 2009 డిసెంబరులో విడుదలైన 2.6.32 కెర్నెల్‌తో అది అందుబాటులోకి వచ్చింది. ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ అనే ఆదేశం ఆ క్షణంలో యంత్రంలో నడుస్తున్న మాడ్యూళ్ళ జాబితాను తీసుకుని, వాటికి అవసరంలేని మాడ్యూళ్ళన్నింటినీ కాన్ఫిగరేషన్ నుంచి తొలగిస్తుంది. ఇక్కడ ‘ఆ క్షణంలో’ అన్న మాట ముఖ్యమైనది. పెన్‌డ్రైవ్ అప్పటివరకు పెట్టకపోతే దానికి కావలసిన మాడ్యూల్ జాబితాలో ఉండదు. కొత్త కెర్నెల్‌లో పెన్‌డ్రైవ్ పనిచేయదు. ప్రింటరు, వైఫై, ప్రొజెక్టరు, ఇతర ఫైల్ వ్యవస్థల విషయం కూడా ఇంతే. అందువల్ల ఆదేశం ఇచ్చే ముందు వాడదలచిన పరికరాలన్నింటినీ ఒకసారి తగిలించి, పనిచేయించి చూడాలి. వేరొక యంత్రంలో సేకరించిన జాబితాను అందించే వీలు కూడా ఉంది కాబట్టి, ప్రయోగశాలలోని బలమైన యంత్రంలో బలహీన యంత్రం కోసం నిర్మించవచ్చు.

డీబగ్ సమాచారం రెండవ పెద్ద భారం. పంపిణీల కాన్ఫిగరేషన్లలో ఇది సాధారణంగా చేర్చి ఉంటుంది. ప్రతి చలరాశి రకం, ప్రతి పంక్తి సంఖ్య వివరం ఫలిత ఫైళ్ళలో చేరడం వల్ల నిర్మాణ సంచయం పదుల గిగాబైట్లకు పెరుగుతుంది. కంపైలర్‌కు పని పెరుగుతుంది. లింకర్‌కు మెమరీ ఎక్కువ కావాలి. 8 గిగాబైట్ల యంత్రం చివరి లింక్ ఘట్టంలో డిస్కును మెమరీగా వాడుకోవడం మొదలుపెట్టిందంటే, నిర్మాణం నిలిచిపోయినట్లే కనిపిస్తుంది. కెర్నెల్ లోపలి స్థితిని డీబగ్గర్‌తో పరిశీలించే ఉద్దేశం లేనివారు దీనిని తీసివేయవచ్చు. 5.18 విడుదల నుంచి డీబగ్ సమాచారం వద్దని చెప్పడానికి ప్రత్యేకమైన ఎంపిక ఉంది. అయితే దీనిని తీసివేస్తే, రకాల సమాచారంపై ఆధారపడే బి.పి.ఎఫ్. సాధనాలు కొన్ని ఆ కెర్నెల్‌పై పనిచేయవు. ఆ రంగంలో పరిశోధన చేసేవారు ఈ భారాన్ని భరించక తప్పదు.

ఉబుంటు కాన్ఫిగరేషన్‌ను నకలు చేసుకున్నవారికి ఎదురయ్యే మరో చిక్కును ప్రస్తావించాలి. అందులో విశ్వసనీయ ధ్రువపత్రాల ఫైలు పేరు ఒకటి ఉంటుంది. ఆ ఫైలు ఉబుంటు సొంత మూలసంచయంలోనే ఉంటుంది కాబట్టి, ప్రధాన కెర్నెల్‌లో నిర్మాణం ఆ దశకు చేరగానే విఫలమవుతుంది. ఆ పేరును ఖాళీ చేయాలి. నిర్మాణ కాలం గురించిన చర్చల్లో ఇటువంటి విఫల నిర్మాణాల కాలాన్ని ఎవరూ లెక్కించరు. విద్యార్థి వ్యర్థపరచుకునే కాలంలో వాటి వాటా చిన్నదేమీ కాదు.

యంత్రంలో నేరుగా స్థాపించకుండా, క్యూఎము వంటి కల్పిత యంత్రంలో కెర్నెల్‌ను పరీక్షించదలచినవారికి కాన్ఫిగరేషన్ మరింత చిన్నది కావచ్చు. కల్పిత యంత్రానికి ఉండే పరికరాలు కొద్దే. షెడ్యూలర్, మెమరీ నిర్వహణ, ఫైల్ వ్యవస్థలను బోధించే అధ్యాపకులకు ఇదే అనువైన మార్గం. కెర్నెల్ చెడిపోయినా ప్రయోగశాల యంత్రం క్షేమంగా ఉంటుంది.

4. సమాంతరీకరణ - దాని పరిమితి

‘మేక్’ ఆదేశానికి ‘జె’ అనే సూచికతో పాటు ఒక సంఖ్యను ఇస్తే అన్ని పనులు ఏకకాలంలో సాగుతాయి. కోర్‌ల సంఖ్యకు సమానంగా, లేదా ఒకటి రెండు ఎక్కువగా ఇవ్వడం పరిపాటి. సంఖ్య ఇవ్వకుండా ‘జె’ మాత్రమే ఇస్తే ‘మేక్’ పరిమితి లేకుండా పనులను ప్రారంభిస్తుంది. వందలాది కంపైలర్లు ఒకేసారి మెమరీ కోసం పోటీపడి యంత్రం స్తంభిస్తుంది.

జీన్ ఆమ్డాల్ 1967లో ప్రతిపాదించిన సూత్రం ఇక్కడ వర్తిస్తుంది. ఉదాహరణకు మొత్తం పనిలో 95 శాతం పంచదగినది, 5 శాతం వరుసగా జరగవలసినది అనుకుందాం. నాలుగు కోర్‌లతో దాదాపు మూడున్నర రెట్లు వేగం వస్తుంది. 64 కోర్‌లతో 64 రెట్లు రాదు, 15 రెట్లే వస్తుంది. కోర్‌లను ఎంత పెంచినా 20 రెట్లను దాటదు. నిజాంసాగర్ ఆయకట్టు రైతుకు ఈ విషయం కొత్తది కాదు. పొలాల దగ్గర తూములు ఎన్ని తెరిచినా ప్రధాన కాలువ మోయగలిగినంత నీరే పారుతుంది.

ఈ లెక్కలో చిన్న ప్రయోగశాలకు ఊరట కలిగించే విషయమొకటి ఉంది. నాలుగు కోర్‌ల దగ్గర వరుస పని వాటా ఇంకా పెద్ద అడ్డంకి కాదు. ఉన్న కోర్‌లు దాదాపు పూర్తిగా ఉపయోగపడతాయి. కాని ఒకే ఫైలును మార్చి తిరిగి నిర్మించినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. కంపైల్ చేయవలసినది ఒక్క ఫైలే. మిగిలినదంతా లింక్ ఘట్టం. అక్కడ 32 కోర్‌ల యంత్రానికీ నాలుగు కోర్‌ల యంత్రానికీ ఉండే అంతరం బాగా తగ్గిపోతుంది. అటువంటి పనిలో డీబగ్ సమాచారాన్ని తీసివేయడం, ఎల్.ఎల్.డి. వంటి వేగవంతమైన లింకర్‌ను వాడడం ఎక్కువ మేలు చేస్తాయి. మార్పు చేసే భాగాన్ని మాడ్యూల్‌గా ఉంచుకోగలిగితే కెర్నెల్‌ను తిరిగి లింక్ చేయవలసిన అవసరమే ఉండదు. ఆ మాడ్యూల్‌ను మాత్రం నిర్మించి, పాతదాన్ని తొలగించి, కొత్తదాన్ని ఎక్కించవచ్చు. 2021లో 5.12 విడుదలతో వచ్చిన క్లాంగ్ లింక్‌కాల ఆప్టిమైజేషన్ కెర్నెల్ పనితీరును మెరుగుపరచడానికి ఉద్దేశించినది. అది లింక్ ఘట్టాన్ని బరువెక్కిస్తుంది కాబట్టి అధ్యయన దశలో దానికి దూరంగా ఉండడమే మేలు.

5. హెడర్ ఫైళ్ళ పరస్పరాధారం

కాన్ఫిగరేషన్ తగ్గించిన తరువాత కూడా మిగిలే ఫైళ్ళలో ప్రతిదీ ఎందుకంత కాలం తీసుకుంటుంది? వంద పంక్తుల చిన్న ఫైలు సైతం హెడర్లను చేర్చుకున్నాక పదివేల పంక్తులను దాటిపోవడం కెర్నెల్‌లో సర్వసాధారణం. ఆ హెడర్లలో అధిక భాగాన్ని కంపైలర్ ప్రతి ఫైలుకూ మొదటినుంచి చదువుతుంది. ఒక్కొక్క ఫైలుకు అదనంగా పట్టే స్వల్ప కాలం వేల ఫైళ్ళకు కలిసి పెద్ద మొత్తమవుతుంది.

కెర్నెల్‌లో సుమారు 10 వేల ప్రధాన హెడర్లు ఉన్నాయి. ఒక ప్రక్రియకు సంబంధించిన సమస్త వివరాలను ఉంచే ‘టాస్క్ స్ట్రక్ట్’ అనే నిర్మితి షెడ్యూలర్ హెడర్‌లో ఉంది. ఆ నిర్మితిలో మెమరీ, సంకేతాలు, టైమర్లు, ఫైళ్ళు, భద్రత మొదలైన అన్ని ఉపవ్యవస్థల అంశాలూ ఉన్నందున, ఆ హెడర్ వాటి హెడర్లను చేర్చుకోవలసివచ్చింది. ఫలితంగా షెడ్యూలర్‌తో ఏ సంబంధమూ లేని ఫైలు కూడా పరోక్షంగా కెర్నెల్‌లోని సగం ప్రకటనలను మోస్తుంది.

ఇంగో మోల్నార్ 2017లో 4.11 విడుదలలో ఈ షెడ్యూలర్ హెడర్‌ను అనేక చిన్న హెడర్లుగా విభజించారు. 2020 చివరలో కెర్నెల్ మొత్తానికి ఈ శుద్ధిని విస్తరించే పనికి పూనుకున్నారు. 50 నుంచి 100 మార్పులు సరిపోతాయని ఆయన తొలి అంచనా. 2022 జనవరి 2న ఆ పనిని బహిరంగపరిచే నాటికి మార్పుల సంఖ్య 2,297కు చేరింది. పదుల కోర్‌లున్న తన యంత్రంలో పూర్తి నిర్మాణం 231.34 సెకండ్ల నుంచి 129.97 సెకండ్లకు తగ్గినట్లు ఆయన కొలతలు చూపాయి. గంటకు 15.5 నిర్మాణాలకు బదులు 27.7 నిర్మాణాలు సాధ్యమయ్యాయి. ఈ ఫలితాన్ని 78 శాతం మెరుగుదలగా చెప్పవచ్చు, 44 శాతం తగ్గుదలగానూ చెప్పవచ్చు. మొదటిది నిర్మాణాల రేటుకు, రెండవది ఒక నిర్మాణ కాలానికి సంబంధించినది. వ్యాసాలలో ఈ రెండు శాతాలను కలగలిపి ఉదహరించడం కనిపిస్తుంది కాబట్టి, ఏది దేని కొలతో స్పష్టం చేయడం అవసరం.

ఆయన అనుసరించిన మార్గాలు సి భాష తెలిసిన విద్యార్థికి అర్థం కానివి కావు. ఒక నిర్మితికి పాయింటర్ మాత్రమే అవసరమైన చోట దాని పూర్తి నిర్వచనం అక్కరలేదు, పేరు ప్రకటన చాలు. హెడర్‌లో రాసిన ఇన్‌లైన్ ఫంక్షన్ ఆ నిర్మితి లోపలి అంశాన్ని తాకితే మాత్రం పూర్తి నిర్వచనం కావాలి. అటువంటి ఫంక్షన్‌ను సి ఫైలులోకి మార్చితే హెడర్ తేలికపడుతుంది. కాని కెర్నెల్ నడిచేటప్పుడు ఆ ఫంక్షన్‌ను పిలిచే ఖర్చు చేరుతుంది. అతి తరచుగా నడిచే దారుల్లో ఆ ఖర్చును ఒప్పుకోలేం. ఏది తరలించదగినదో, ఏది కాదో నిర్ణయించడానికి ఉపవ్యవస్థల లోతైన పరిచయం కావాలి. మార్పుల సంఖ్య వేలకు చేరడానికి ఇదీ ఒక కారణం. ఇంత పెద్ద శ్రేణిని అనేకమంది నిర్వాహకులు సమీక్షించడం సులభం కాదు. అది యథాతథంగా ప్రధాన కెర్నెల్‌లో చేరలేదు. షెడ్యూలర్‌కు సంబంధించిన పునర్వ్యవస్థీకరణ మాత్రం 5.18లో చేరింది. అందులో షెడ్యూలర్‌కు చెందిన అనేక చిన్న సి ఫైళ్ళను కొన్ని పెద్ద ఫైళ్ళుగా కలిపి కంపైల్ చేసే ఏర్పాటు ఉంది. ఒకే హెడర్లను పలుమార్లు చదవడం దీనివల్ల తప్పింది.

2024లో బయటపడిన మరో ఉదంతం ఇంతకంటే ఆశ్చర్యకరమైనది. రెండు విలువల్లో చిన్నదాన్ని, పెద్దదాన్ని ఇచ్చే ‘మిన్’, ‘మాక్స్’ అనే మాక్రోలు కెర్నెల్ అంతటా వాడుకలో ఉన్నాయి. పోల్చే విలువల రకాలు సరిపోలాలి. ఒక్కో విలువను ఒకేసారి గణించాలి. స్థిర విలువలిస్తే ఫలితమూ స్థిరంగానే ఉండాలి. ఈ మూడు నియమాలను పాటించడానికి ఆ మాక్రోలు క్రమంగా క్లిష్టమై, ఇచ్చిన వ్యక్తీకరణను తమ విస్తరణలో పలుమార్లు పునరావృతం చేయసాగాయి. ఒక మాక్రోలో మరొకటి, దానిలో ఇంకొకటి పెట్టినప్పుడు ఈ పునరావృతి గుణించుకుంటూ పోతుంది. ఒక్కో స్థాయిలో పదిసార్లు చొప్పున అనుకుంటే మూడు స్థాయిల్లో వెయ్యిసార్లు. జెన్ కల్పిత యంత్రానికి సంబంధించిన ఫైలులో ఒకే ఒక్క పంక్తి ప్రిప్రాసెసర్ తరువాత 47 మెగాబైట్లకు విస్తరించినట్లు ఆర్ండ్ బెర్గ్‌మన్ పరిశీలనలో తేలింది. ఆపై టోర్వాల్డ్స్ స్వయంగా ఆ మాక్రోలను సరళీకరించగా ఆ మార్పులు 6.11 విడుదలలో చేరాయి. చదివేవారికి నిరపాయంగా కనిపించే ఆ పంక్తి మీద ఏ సమీక్షకుడికీ అనుమానం కలగకపోవడంలో వింత లేదు. ప్రిప్రాసెసర్ ఫలితాన్ని విడిగా తీసి దాని పరిమాణాన్ని చూసే అలవాటు ఉంటే తప్ప ఇటువంటివి పట్టుబడవు. ఈ పరిశీలనకు బలమైన యంత్రం అవసరం లేదు. కళాశాల స్థాయి ప్రాజెక్టుగా చేపట్టడానికి ఇంతకంటే అనువైన అంశం అరుదు.

6. చేసిన పనిని మళ్ళీ చేయకపోవడం

నిర్మాణానికి ముందు ప్రతిసారీ ‘మేక్ క్లీన్’ ఇవ్వడం విస్తృతంగా ఉన్న అలవాటు. పాత ఫలితాలు కొత్తవాటితో కలిసి దోషాలు పుడతాయన్న భయం దీనికి మూలం. రాజేసిన పొయ్యిని ప్రతి వంటకానికీ ఆర్పి మళ్ళీ వెలిగించడం వంటిదిది. కెబిల్డ్ విషయంలో ఈ భయానికి ఆధారం తక్కువ. ప్రతి ఫలిత ఫైలుతో పాటు దానిని తయారుచేసిన పూర్తి ఆదేశాన్ని కెబిల్డ్ ఒక చిన్న ఫైలులో భద్రపరుస్తుంది. కంపైలర్ సూచికల్లో ఒక్కటి మారినా ఆ ఫైలును మాత్రం తిరిగి తయారుచేస్తుంది.

కాన్ఫిగరేషన్ మార్పు విషయంలో కెబిల్డ్ చూపిన నేర్పు ప్రత్యేకంగా గమనించదగినది. కాన్ఫిగరేషన్ ఎంపికలన్నీ కలిసి ఒకే హెడర్‌గా ఏర్పడతాయి. కెర్నెల్‌లోని ప్రతి ఫైలూ దానిని చేర్చుకుంటుంది. మామూలు ‘మేక్’ సూత్రం ప్రకారం ఒక్క ఎంపిక మారితే ఆ హెడర్ మారి, కెర్నెల్ యావత్తూ తిరిగి కంపైల్ కావాలి. దీనిని నివారించడానికి ‘ఫిక్స్‌డెప్’ అనే చిన్న ప్రోగ్రాము ప్రతి ఫైలు ఆధారాల జాబితాలోంచి ఆ ఉమ్మడి హెడర్‌ను తీసివేస్తుంది. ఆ ఫైలులోనూ దాని హెడర్లలోనూ నిజంగా ప్రస్తావించిన ఎంపికలను వెతికి వాటినే ఆధారాలుగా రాస్తుంది. అందువల్ల ఒక ఎంపికను మార్చితే దానిని ప్రస్తావించిన ఫైళ్ళే మళ్ళీ కంపైల్ అవుతాయి.

‘మేక్’ కాలముద్రలను మాత్రమే చూస్తుంది కాబట్టి దానికొక బలహీనత ఉంది. గిట్‌లో పాత శాఖకు వెళ్ళి తిరిగి వస్తే, మధ్యలో మారిన ఫైళ్ళ విషయం మునుపటిదే అయినా కాలముద్ర కొత్తదవుతుంది. అవన్నీ మళ్ళీ కంపైల్ అవుతాయి. శాఖకొక ప్రత్యేక సంచయాన్ని ఉంచుకోవడం దీనికి ఒక పరిష్కారం. రెండవది ‘సీక్యాష్’. సాంబా, ఆర్‌సింక్‌ల రూపకర్తగా ప్రసిద్ధుడైన ఆండ్రూ ట్రిడ్జెల్ దీనిని ప్రారంభించారు. ఇది కాలముద్రను కాకుండా ఫైలు విషయాన్ని, కంపైలర్‌ను, దానికిచ్చిన సూచికలను కలిపి ఒక సంక్షిప్త సంఖ్యగా మార్చి, అదే సంఖ్య మునుపు ఎదురై ఉంటే భద్రపరచిన ఫలితాన్ని అందిస్తుంది. మొదటి నిర్మాణంలో భద్రపరిచే పని అదనం కాబట్టి అది కొంత ఆలస్యమవుతుంది. ఒకసారి మాత్రమే నిర్మించి వదిలేసేవారికి సీక్యాష్ వల్ల నష్టమే. డీబగ్ సమాచారం ఉన్నప్పుడు ఫలితంలో సంచయం పేరు కూడా చేరుతుంది కాబట్టి, అదే మూలాన్ని వేరొక సంచయంలో నిర్మిస్తే భద్రపరచిన ఫలితాలు సామాన్యంగా ఉపయోగపడవు.

మార్టిన్ పూల్ 2002లో విడుదల చేసిన ‘డిస్ట్‌సీసీ’ ప్రయోగశాలలోని ఇరవై యంత్రాలను ఒకే నిర్మాణానికి వినియోగించుకునే అవకాశమిస్తుంది. తరగతులు లేని వేళల్లో ఖాళీగా ఉండే యంత్రాలకు ఇది చక్కని వినియోగం. అన్ని యంత్రాల్లో ఒకే కంపైలర్, ఒకే సంస్కరణ ఉండాలి. దాని సాధారణ విధానంలో ప్రిప్రాసెసింగ్, లింకింగ్ రెండూ ఆదేశమిచ్చిన యంత్రంలోనే జరుగుతాయి. హెడర్ల బరువు ఇక్కడ మళ్ళీ అడ్డుపడుతుంది. ఒక దశ దాటాక సహాయక యంత్రాలను ఎన్ని చేర్చినా, వాటికి పని అందించలేక ప్రధాన యంత్రమే వెనుకబడుతుంది. ఈ సేవను ప్రయోగశాల నెట్‌వర్క్‌కు మాత్రమే పరిమితం చేయాలి. బయటివారికి తెరిచి ఉంచితే, ఆ యంత్రాల్లో తమకు తోచిన ప్రోగ్రాములను నడిపించే అవకాశం వారికి ఇచ్చినట్లవుతుంది.

7. ద్విభజన శోధనలో ఈ పద్ధతుల విలువ

ప్రవేశికలో పేర్కొన్న 14 దశల శోధనకు పై పద్ధతులన్నీ సమానంగా ఉపకరించవు. తొలి దశల్లో ఒక అడుగుకూ మరో అడుగుకూ మధ్య వేలాది మార్పులుంటాయి. అందరూ చేర్చుకునే హెడర్లలో ఏదో ఒకటి తప్పకుండా మారుతుంది. కాబట్టి పాక్షిక నిర్మాణం వల్లగాని సీక్యాష్ వల్లగాని అప్పుడు పెద్దగా లాభం లేదు. ప్రతిదీ దాదాపు పూర్తి నిర్మాణమే. ఆ దశల్లో ఆదుకునేది తగ్గించిన కాన్ఫిగరేషన్ ఒక్కటే. చివరి నాలుగైదు దశల్లో మిగిలిన మార్పులు పదుల సంఖ్యలోకి వస్తాయి. అప్పుడు పాక్షిక నిర్మాణం నిమిషాల్లో ముగియవచ్చు. అక్కడ ‘మేక్ క్లీన్’ ఇచ్చేవారు ఆ లాభాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు. దోషం ఏ ఉపవ్యవస్థదో ముందే తెలిస్తే, శోధనను ఆ సంచయాన్ని తాకిన మార్పులకే పరిమితం చేయమని గిట్‌ను కోరవచ్చు. దశల సంఖ్యే తగ్గుతుంది. కాని దోషం నిజంగా మరోచోట ఉంటే ఆ శోధన తప్పు మార్పును చూపుతుంది కాబట్టి దీనిని జాగ్రత్తతో వాడాలి.

కాన్ఫిగరేషన్‌ను తగ్గించడంలోనూ ఒక పరీక్ష తప్పనిసరి. తొలగించిన మాడ్యూళ్ళతో పాటు దోషం కూడా మాయమై ఉండవచ్చు. శోధన ప్రారంభించే ముందు, తగ్గించిన కాన్ఫిగరేషన్‌తో పాత కెర్నెల్ సరిగా పనిచేస్తున్నదని, కొత్త కెర్నెల్‌లో దోషం కనిపిస్తున్నదని రెండు నిర్మాణాలతో నిర్ధారించుకోవాలి. మొదట చెప్పిన 14కు ఈ రెండూ అదనం. శోధన మధ్యలో పాత సంస్కరణలకు వెళ్ళినప్పుడు వాటికి తెలియని ఎంపికలు కాన్ఫిగరేషన్ నుంచి జారిపోతాయి. తరువాత కొత్త సంస్కరణకు వచ్చినప్పుడు అవి తిరిగి రావు. ‘మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’ వాటి స్థానంలో పూర్వనిర్ణీత విలువలను నింపుతుంది. అందుచేత తొలుత సిద్ధం చేసిన కాన్ఫిగరేషన్ ఫైలును విడిగా దాచుకుని, ప్రతి దశలోనూ దాని నకలుతోనే నిర్మాణం మొదలుపెట్టాలి. దోషపు నివేదికతో పాటు ఆ ఫైలునూ, గిట్ ఇచ్చే శోధన నమోదునూ జతచేస్తే, అదే ఫలితాన్ని నిర్వాహకుడు తన యంత్రంలో సరిచూసుకోగలుగుతాడు.